ముద్ర చెదిరిన ఆట

ప్రొద్దు గ్రుంకిన తరువాత మన పట్టణములలో ఏ వీధి అరుగును చూచినను నలుగురైదుగురు కుర్రవాండ్రు తలలు వంచుకొని సెల్‌ఫోనులలోనికి చూచుచు కూర్చుండుట నేడు సామాన్య దృశ్యము. వారు చూచుచున్నది సినిమా కాదు, యుద్ధము. నూర్గురు ఆటకాండ్రు ఒక ద్వీపముపై దిగి, ఒకరినొకరు వేటాడి, తుదివరకు నిలిచినవారు గెలిచినట్లెంచబడు ఆట అది. పబ్‌జీ మొబైల్ అను పేరుతో 2018లో వచ్చిన ఈ ఆటను 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వమువారు నిషేధించిరి. 2021 జూలైలో బీజీఎంఐ అను క్రొత్త పేరుతో అది తిరిగి వచ్చెను; 2022 జూలైలో మరల తొలగింపబడి, 2023 మే నెలలో మరల అనుమతి బడసెను. ఇన్నిమారులు పోయి వచ్చినను దానిపై మన యువకులకు గల మక్కువ ఆవంతయు తగ్గలేదు. ఇట్టి ఆట మంచిదా, చెడ్డదా అను చర్చను మేమిచట పెట్టుకొనబోము. ఆ చర్చ ప్రతి యింటను నిత్యము జరుగుచునే యున్నది; తలిదండ్రులు ఓడుచునే యున్నారు. మేము చెప్పదలచినది ఆ ఆటలోపల వ్యాపించుచున్న ఒక దురలవాటును గూర్చి. అది ఆట ఫైళ్లను దిద్దుకొని పదిమందితో ఆడబూనుట.

ఈ విషయము తెలియని చదువరుల కొరకు కొంత వివరింతుము. ఇట్టి ఆట రెండుచోట్ల నడచును. ఆట నడిపించువారి సర్వరు అను దూరపు యంత్రమునందు కొంత, ఆటగాని ఫోనులో కొంత. చెట్లు, గోడలు, గడ్డి, తుపాకుల రూపములు, ధ్వనులు, ఇవన్నియు ఫోనులో ఫైళ్ల రూపమున నిలువచేయబడి యుండును. బొమ్మ ఎంత స్ఫుటముగా నుండవలెను, సెకనునకు ఎన్ని చిత్రములు తెరపై మారవలెను అను వివరములు వేరొక చిన్న ఫైలులో వ్రాయబడి యుండును. జీఎఫ్ఎక్స్ టూల్ అని కుర్రవాండ్రు పిలుచు సాధనము ఈ చిన్న ఫైలునే మార్చును. అల్పమైన ఫోనులో ఆట తడబడక సాగుటకై దీనిని వాడువారు పెక్కురు. అచటితో ఆగినవారి సంగతి ఒకటి. ఆగనివారు పెద్ద ఫైళ్లలో చేయిపెట్టి నేలపై గడ్డి మొలవకుండ చేసికొందురు. గడ్డిలో నక్కిన ప్రత్యర్థి వీరి తెరపై మాత్రము బట్టబయట పడుకొని యుండును! మరియొకడు శత్రువుల ఒడలికి ఎర్రరంగు పూసికొనును. ఇంకొకడు తుపాకి పేల్చినప్పటి అదురును తీసివేయును. మొదటి మెట్టునుండి కడపటి మెట్టునకు దూరము మిక్కిలి తక్కువ.

సర్వరు యజమానులదై యుండగా ఫోనులోని ఫైలు మార్చిన మాత్రమున నింత లాభమెట్లు కలుగునని కొందరడుగవచ్చును. గోడ వెనుకనున్న ప్రత్యర్థి ఒక్క అడుగు ఇవతలికి వేయగానే వానిని తెరపై చిత్రింపవలెనన్నచో, వాడున్న చోటు మన ఫోనునకు ముందుగనే తెలిసియుండవలెను. కావున సర్వరు ఆ రహస్యమును ఫోనునకు నమ్మి అప్పగించుచున్నది. ఆట అంతయు ఈ నమ్మకముపై నిలచియున్నది. చెడుగుడు ఆడునప్పుడు గీతను ఇరుపక్షములవారును చూతురు. ఒకడు కాలితో చెరిపి జరిపినచో తక్కినవారు వెంటనే అరతురు. ఇచట గీత నూరు ఫోనులలో నూరుమారులు గీయబడియున్నది. ఒకడు తన గీతను జరుపుకొన్నది తక్కిన తొంబదితొమ్మండ్రకు కనబడదు. శకుని పాచికల లోపల నేమున్నదో ధర్మరాజునకు కనబడెనా?

ఇట్లు వ్రాయుచుండగా, ఫైళ్లను దిద్దుటయే పాపమని మేమనుచున్నట్లు ఎవరును తలంపరాదు. నేటి ఆటలు పెక్కింటికి జన్మస్థానమే ఆ దిద్దుబాటు. కౌంటర్-స్ట్రైక్ అను ప్రసిద్ధ క్రీడ 1999లో హాఫ్-లైఫ్ అను మరియొక ఆటకు ఇద్దరు యువకులు చేసిన దిద్దుబాటుగా వెలసినదే. వాల్వ్ కంపెనీవారు వారిని దండింపలేదు. పనిలో చేర్చుకొని, 2000లో దానిని తమ పేరుతో ప్రకటించిరి. పబ్‌జీని సృజించిన బ్రెండన్ గ్రీన్ అను ఐర్లండు దేశీయుడును మొదట ఆర్మా అను ఆటకు దిద్దుబాట్లు చేసి ఈ విద్యలో ఆరితేరినవాడే. మన విద్యార్థులు ఫైళ్లు విప్పి లోపలి మర్మములు నేర్చుకొందురేని మాకు సంతోషమేగాని విచారము లేదు. ఒంటరిగా ఆడుకొను ఆటను ఎవని యింట వాడు ఎట్లు దిద్దుకొన్నను ఇరుగుపొరుగువారికి నష్టము లేదు. జీటీఏ అయిదవ భాగమును గూర్చి దాని యజమానులగు రాక్‌స్టార్‌వారు 2015లో ఈ భేదమునే స్పష్టపరచిరి. ఒంటరి కథను దిద్దుకొన్నందులకు ఎవరిని బహిష్కరింపలేదనియు, పలువురు కలసి ఆడు ఆన్‌లైన్ విభాగములో మాత్రము దిద్దుబాట్లకు చోటులేదనియు వారు చెప్పిరి. చిక్కెచట వచ్చుచున్నదనగా, ఒంటరి ఆటకై దిద్దిన ఫైలును మరల యథాస్థితికి తేకుండ అదే కాపీతో ఆన్‌లైనులోనికి పోవుటలో. ఇంటిలో ధరించు వేషముతో సభకు పోయినట్లగును గాని, సభవారు ఇచట నవ్వి ఊరకుండరు.

వారు చేయునదేమి? మన రిజిస్ట్రేషను దస్తావేజుపై ముద్రవలె ప్రతి ఫైలునకును లెక్కకట్టి తీసిన ఒక గురుతు సంఖ్య యుండును. ఫైలులో ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య మారిపోవును. కావలియంత్రము తన యొద్దనున్న సంఖ్యతో ఫోనులోని ఫైలు సంఖ్యను సరిచూచును. సరిపడనిచో ముద్ర చెదరినట్లే. ఈ కావలివాడు చూచునది చెదరిన ముద్రనే. చెదరగొట్టినవాని మనస్సును కాదు. గడ్డి తీసివేసినవాడు దొంగయే. కాని పాతఫోను కొట్టుకొనుచున్నదని బొమ్మల నాణ్యము తగ్గించుకొన్న పేద కుర్రవాడు? వాని ముద్రయు చెదరినదే. మేము ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్యకారణము ఈ రెండవవాడు. ఏబదివేల రూపాయల ఫోను గలవానికి తొంబది చిత్రముల వేగము కంపెనీవారే సమకూర్చుచున్నారు. ఎనిమిదివేల ఫోను గలవాడు దానిని దొడ్డిదారిన తెచ్చుకొనబోయి పట్టుబడుచున్నాడు. ధనికుని సౌకర్యము పేదవాని నేరమగుట మనకు క్రొత్తది గాదు.

శిక్షయు అల్పమైనది గాదు. పబ్‌జీలో పట్టుబడినవారిని పదేండ్లవరకు వెలివేయుట ప్రసిద్ధము. పదునైదేండ్ల బాలునకు పదేండ్ల బహిష్కారమనగా యౌవనమంతయు పోయినట్లే గదా! బీజీఎంఐ నడుపు క్రాఫ్టన్ కంపెనీవారు 2021 డిసెంబరులో మరియొక అడుగు ముందునకు వేసి, తప్పుచేసిన ఖాతానే గాక ఆ ఫోనునే బహిష్కరించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. మన ఇండ్లలో ఒక ఫోనును అన్నదమ్ములిద్దరు వంతులవారీగా వాడుట కలదు. అన్న చేసిన దానికి తమ్ముడును వాకిటనే నిలువవలసి యుండును. కౌంటర్-స్ట్రైకునకు కాపలాగా వాల్వ్‌వారు 2002లో నెలకొల్పిన వ్యాక్ అను యంత్రాంగము విధించు బహిష్కారమునకు గడువే లేదు. ఆ కళంకము ఆటగాని పేరు ప్రక్కన లోకమునకు కనబడునట్లు నిలచియుండును.

ఇక నీ కావలివాని తీర్పు ఎల్లప్పుడును సరియైనదా? కాదు. 2010 జూలైలో మోడరన్ వార్‌ఫేర్ రెండవ ఆటను ఆడుచుండిన సుమారు 12,000 మందిని వ్యాక్ పొరపాటున వెలివేసెను. వారు ఏ ఫైలును ముట్టుకొనలేదు. కంపెనీవారి స్టీమ్ యంత్రమే డిస్కుపైనున్న ఫైలును క్రొత్తదిగా మార్చుచుండగా, జ్ఞాపకములోనున్న పాత ప్రతికిని దానికిని పొత్తు కుదరలేదు. కావలివాడు ముద్ర చెదరినదని కేక వేసెను. కంపెనీ అధిపతి గేబ్ న్యూవెల్ క్షమాపణ చెప్పి, బహిష్కారములు రద్దుచేయించి, నష్టపోయినవారికి మరియొక ఆటను ఉచితముగా నిచ్చెను. 2023 అక్టోబరులో ఇంకను విచిత్రము జరిగెను. ఏఎండీ అను చిత్రచిప్పుల కంపెనీవారు ఆటలో జాప్యము తగ్గించుటకు యాంటీ-ల్యాగ్ ప్లస్ అను సౌకర్యమును తమ డ్రైవరులో చేర్చిరి. ఆ డ్రైవరు లోలోపల ఆట యొక్క భాగములను మార్చి పనిచేయుచుండెను. కంపెనీ యిచ్చిన మీటను నమ్మి నొక్కినవారు కౌంటర్-స్ట్రైక్ రెండవ ఆటనుండి వెలివేయబడిరి. తుదకు ఏఎండీవారు ఆ డ్రైవరును ఉపసంహరించుకొనిరి; వాల్వ్‌వారు బాధితులను గుర్తించి తిరిగి చేర్చుకొనిరి.

ఈ రెండు ఉదంతములనుండి మా పాఠకులు గ్రహింపదగిన దొకటి కలదు. పండ్రెండువేలమంది ఒక్కమారుగా మొరపెట్టినందున, లేక మహాకంపెనీ యొకటి చిక్కుకొన్నందున, అచట విచారణ జరిగెను. తెనాలిలోనో, కరీంనగరములోనో ఒక్క కుర్రవాడు తాను నిరపరాధినని వ్రాసికొన్న విన్నపమును చదువువాడెవడు? యంత్రము వ్రాసిన జవాబు యంత్రమే పంపును. నిరపరాధియే ఇట్టి దుస్థితిలో నుండగా, నిజముగా ఫైలు దిద్దినవాడు, అది ఎంత స్వల్పమైన దిద్దుబాటైనను, ఏ ముఖముతో అప్పీలు చేసికొనగలడు? నేను గడ్డి తీయలేదు, వేగము మాత్రమే పెంచుకొంటిని అని వాడు చెప్పుకొన్నను వినువాడు లేడు.

ఖాతా పోవుట ఒక యెత్తు. ఇల్లు పోవుట మరియొక యెత్తు. ఈ దిద్దిన ఫైళ్లను కుర్రవాండ్రు తామే తయారుచేయుచున్నారా? నూటికి ఒక్కడు చేయునేమో. తక్కినవారు టెలిగ్రాము గుంపులలోను, యూట్యూబు వీడియోల క్రిందను దొరకు లంకెలను నొక్కి తెచ్చుకొనుచున్నారు. వానిని ఎక్కించుటకు ముందు ఫోనులోని ప్లే ప్రొటెక్ట్ కాపలాను ఆపివేయుమని అందుండు మాట. దొంగ వచ్చి, అయ్యా, నేను మీకు మేలుచేయ వచ్చితిని, ముందు కుక్కను కట్టివేయుడు అన్నచో ఏ గృహస్థుడైన కట్టివేయునా? ఆ తరువాత ఫైళ్లన్నిటిని తెరచు అనుమతి, ఎస్ఎంఎస్‌లు చదువు అనుమతి, తెరపైనున్నదెల్ల చూచి మన బదులు తానే మీటలు నొక్కగల యాక్సెసిబిలిటీ అనుమతి, ఒక్కొక్కటిగా అడుగుదురు. ఆట తొందరలో నున్న బాలుడు అన్నింటికిని సరే యనును. ఆ ఫోను తండ్రిది. అందులో ఆయన యూపీఐ కలదు, బ్యాంకు సందేశములు వచ్చును, ఓటీపీలు వచ్చును. గడ్డి లేని మైదానము కొరకు కొడుకు కొట్టు తాళపుచేతిని ఇచ్చివేసినట్లయినది.

పేరుగల అంగడిలో కొన్నను ప్రమాదము లేదని చెప్పుటకు వీలులేదు. మైన్‌క్రాఫ్ట్ అను ఆటకు దిద్దుబాట్లు పంచు కర్స్‌ఫోర్జ్ అను పెద్ద స్థలములో 2023 జూన్ నెలలో కొందరు రచయితల ఖాతాలను దుండగులు వశపరచుకొని, జనులు నమ్మి దింపుకొను మాడ్‌లలోనే విషమును కలిపిరి. ఫ్రాక్చరైజర్ అని దానికి పేరువచ్చినది. అది కంప్యూటరులో దాగి, బ్రౌజరులోని కుకీలను, ఖాతాల ప్రవేశ గురుతులను అపహరించుచుండెను. మైన్‌క్రాఫ్ట్ లోకములో మాడ్‌లు బహిరంగముగ ఒప్పుకొనబడినవి. వేలమంది చూచుచుండు స్థలమది. అచటనే ఇట్లు జరిగినప్పుడు, పేరును ఊరును లేని గుంపులో ఎవడో పెట్టిన ఫైలు మాటేమి?

చట్టమును గూర్చి రెండు మాటలు. న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక ఈ ప్రశ్న మమ్ము తరచుగా అడుగుచుందురు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములో 65వ సెక్షను కంప్యూటరు సోర్సు కోడును బుద్ధిపూర్వకముగా మార్చువారికి మూడేండ్లవరకు ఖైదును, రెండు లక్షల రూపాయలవరకు జుల్మానాను విధించుచున్నది. హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005లో సయ్యద్ అసిఫుద్దీన్ వ్యాజ్యమున, ఒక టెలిఫోను కంపెనీ హ్యాండ్‌సెట్టులోని గుర్తింపు సంఖ్యను మరియొక కంపెనీవారు మార్చుట ఈ సెక్షను క్రిందికి రాగలదని చెప్పి, ఆ అభియోగమును కొట్టివేయుటకు నిరాకరించెను. ఆ వ్యాజ్యము ఆటను గూర్చినది కాదు. ఆ సెక్షను కూడ చట్టప్రకారము భద్రపరుపవలసిన కోడును గూర్చి చెప్పుచున్నది. గడ్డి తీసివేసిన బాలుని రేపే జైలునకు పంపుదురని భయపెట్టుట మా యుద్దేశము కాదు. అట్టి బెదిరింపు న్యాయమును కాదు. కాని ఫోను నాది, అందులోని ప్రతి యక్షరమును నాదే అను వాదము మన కోర్టులలో సులభముగ సాగదని ఆ తీర్పు సూచించుచున్నది. దిద్దిన ఫైళ్లను అమ్ముకొనువారి సంగతి వేరు. దక్షిణ కొరియావారు 2016లో తమ చట్టమును సవరించి, అట్టి సాధనములను చేసి పంచువారికి కారాగారము, లేక జుల్మానా విధించుచున్నారు. అమ్మువానిని శిక్షించి కొనిన బాలునకు బుద్ధిచెప్పుట సరియైన మార్గమని మేమును తలంచుచున్నాము.

మైనరుల ఒప్పందము చెల్లదని 1903లో మొహరీబీబీ వ్యాజ్యములో ప్రీవీ కౌన్సిలు తీర్పుచెప్పెను గదా, పదునారేండ్లవాడు అంగీకరించిన నిబంధనలు వానినెట్లు కట్టివేయునని ఒక చమత్కారి మమ్మడిగెను. మంచి ప్రశ్నయే. కాని కంపెనీ వానిపై దావా వేయుటలేదు, తలుపు మూసివేయుచున్నది. తలుపు తెరపించుటకు దావా వేయవలసినవాడు బాలుడే!

ఒకని చేతిపని తక్కినవారి కెంత కీడు తెచ్చునో చూడవలెనన్న, 2018 అక్టోబరులో షాంఘై నగరమున జరిగిన దానిని స్మరించిన చాలును. ఆసియా కౌంటర్-స్ట్రైక్ పోటీలకు మన దేశపు జట్టు, ఆప్టిక్ ఇండియా అనునది, పోయెను. ఆట నడుచుచుండగా మన ఆటగాడొకని కంప్యూటరులో గురి తానే కుదుర్చు ప్రోగ్రాము బయటపడెను. ఆ ఫైలునకు వర్డ్ అను సాధువైన పేరు పెట్టబడియుండెను. జట్టంతయు పోటీనుండి తొలగింపబడెను. యజమానులు జట్టునే రద్దుచేసిరి. దోషికి అయిదేండ్ల నిషేధము విధింపబడెను. అతని పేరు లోకమెరిగినదే, మేమిచట వ్రాయము. తక్కిన నలుగురు ఏమి చేసిరి? ఏమియు చేయలేదు. తమ జీవనము పోగొట్టుకొని ఇంటికి వచ్చిరి. ఆ తరువాత విదేశపు ఆటస్థలములలో భారతీయుడని చెప్పుకొన్న ప్రతివానిని ఆ ఫైలు పేరుతో ఎగతాళి చేయసాగిరి. 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో ఈ-స్పోర్ట్సునకు పతకములిచ్చిరి. 2025 ఆగస్టులో మన పార్లమెంటు డబ్బు పందెపు ఆటలను నిషేధించుచునే ఈ-స్పోర్ట్సును క్రీడగా గుర్తించు చట్టము చేసినది. ఇట్లు గౌరవము లభించుచున్న వేళ, ఖాతాపై నున్న ఒక్క మచ్చ వీధి అరుగుమీది కుర్రవానికి జట్టులో చోటు లేకుండ చేయగలదు.

కంపెనీలవారికిని కర్తవ్యము కలదు. అల్పమైన ఫోనులలో ఆట సాఫీగా సాగుటకు వలసిన సౌకర్యమును వారే ఆటలోపల నీయవలెను. దొడ్డిదారి అవసరము సగము తీరును. వెలివేయునప్పుడు ఏ ఫైలు, ఏ దినమున, ఏ విధముగ మారినట్లు కనబడెనో తెలుపవలెను. అభియోగపత్రము లేని శిక్ష ఏ నాగరిక న్యాయస్థానమునను లేదు. మొదటి తప్పునకు, అందును ఇతరులకు హానిచేయని దిద్దుబాటునకు, హెచ్చరికయు కొలదిదినముల నిలుపుదలయు చాలును. విన్నపము చదువుటకు ఒక మనుష్యుని, వీలైనచో తెలుగు వచ్చిన మనుష్యుని, నియమించుట కోట్లు గడించుచున్నవారికి భారము కాబోదు. తమ రక్షణోపాయములు బయటపడునని వారు చెప్పుదురు. అన్నిటిని బయటపెట్టుమని ఎవరడిగిరి? ముద్దాయికి తన నేరమేమో తెలిసిన చాలును.

ఇప్పటికే అట్టి ఫైళ్లను ఎక్కించుకొన్న యువకులు దిద్దిన ఫైలును తీసివేసి ఊరకుండరాదు. ఆటను పూర్తిగా తొలగించి, ప్లే స్టోరునుండియే క్రొత్తగా దింపుకొనవలెను. దానితో వచ్చిన ఇతర యాప్‌లను వెదకి తీసివేసి, యాక్సెసిబిలిటీ అనుమతులలో తెలియని పేరేదైన నున్నదేమో చూడవలెను. ఆపిన ప్లే ప్రొటెక్ట్‌ను మరల తెరువవలెను. అనుమానము మిగిలినచో ఫోనును మొదటి స్థితికి తెచ్చుట మేలు. గూగులు ఖాతా పాస్‌వర్డును వేరొక ఫోనునుండి మార్చవలెను. ఇవన్నియు చేయుటకు ముందు ఆ ఫోనులో బ్యాంకు ఖాతా కలదేని తండ్రికి నిజము చెప్పవలెను. తండ్రులును కేకలు తరువాతికి ఉంచి ముందు బ్యాంకువారికి తెలుపవలెను. సొమ్ము పోయినట్లు కనబడిన తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. తెల్లవారి బ్యాంకు తెరచువరకు వేచియుండిన, ఆ లోపల అది పది ఖాతాలు దాటిపోవును.